పీరు చెవి

మా చుట్టుపక్కల ఊళ్ళల్లో ఏ మోటారు కాలినా అందరి నోటా ఒకటే పేరు. పీరు. అద్దంకి బస్టాండు వెనక రేకుల షెడ్డులో వాడి వైండింగు షాపు. బోరు మోటారుగానీ, చెరుకు రసం మిషనుగానీ, పెళ్ళికి తెచ్చిన జనరేటరుగానీ మొరాయిస్తే చాలు, "పీరుకి చూపించారా?" అంటారు. వాడు చెయ్యి వేస్తే సగం బాగైనట్టేనంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది.

పదో తరగతి దాకా వాడూ నేనూ ఒకే బెంచీ. లెక్కల్లో నాకు తొంభై రెండు, వాడికి పంతొమ్మిది. వాడు ఫెయిలై వైండింగు పనిలో చేరాడు. నేను గుంటూరు వెళ్ళి ఇంజనీరింగులో చేరాను, అందులోనూ ఎలక్ట్రికల్. రెండో ఏడు మధ్యలో వదిలేసి ఇంటికొచ్చాను. ఎందుకంటే పెద్ద కథేమీ లేదు. కుదురుగా కూర్చోలేకపోయాను, అంతే.

వాడి నాన్న పత్తిచేలల్లో మందు కొట్టే కూలీ. ఒక ఏడు ఆ మందు వాసనకే చేలో పడిపోయాడు. ఆ తర్వాత బరువు పని ఆయన వల్ల కాలేదు. అప్పటికి పీరుకి పదహారేళ్ళు. ఆ రోజుల్లో వోల్టేజీ చాలక బోరు మోటార్లు కుప్పలుగా కాలేవి. వాటిని సైకిలు వెనక కట్టుకుని ఊరూరా తిరిగి షాపుకి చేరవేసేవాడు. మాడిన రాగితీగె పీకీ పీకీ వాడి వేళ్ళకి గాట్లు పడ్డాయి. నాలుగేళ్ళయ్యేసరికి షాపాయన ముసలివాడై షాపుని వాడికే వదిలేశాడు.

ఒకసారి నేను అక్కడికి వెళ్ళి కావాలనే కబుర్లు పెట్టాను, చుట్ల లెక్క తప్పుతాడేమోనని. వాడు తీగె చుడుతూనే నాతో క్రికెట్ మాట్లాడాడు, టీ చెప్పాడు, గుమ్మంలో నిలబడ్డ రైతుని తిట్టాడు. ఆఖరికి "డెబ్భై రెండు" అని తీగె తుంచాడు. నేనూ లోపల లెక్కపెడుతూనే ఉన్నాను. నాకు డెబ్భయ్యే వచ్చింది. "తప్పు, మళ్ళీ చూడు" అన్నాను. వాడు నవ్వి, విప్పి చూపించాడు. డెబ్భై రెండే. వాడికి లెక్కల్లో పంతొమ్మిది!

రెండువేల మూడులో చలికాలం. మా నాన్న నాగలింగాచారికి అద్దంకి రోడ్డు మీద వడ్రంగం షాపుంది. అందులో చిత్రిక పట్టే మిషను ఒకటి. పొగాకు కంపెనీ ఒకటి మూతపడ్డప్పుడు వేలంలో పాడుకున్నది. ఇనప దిమ్మె మీద ఇంగ్లీషు అక్షరాలు పోతపోసి ఉంటాయి. అది వయసులో నాన్న కన్నా పెద్దది. ఆ ఏడు మిరప బస్తాల కోల్డ్ స్టోరేజీకి చెక్క అరలు చేసే పని దొరికింది. చేతి చిత్రికతో ఆ చెక్కలన్నీ నునుపు చెయ్యాలంటే ఉగాది దాకా పడుతుంది. అంతలో మంగళవారం పొద్దున మిషను ఆగిపోయింది. స్విచ్చి వేస్తే మోటారు మూలుగుతోందిగానీ తిరగడం లేదు.

నాన్న నన్ను కూర్చోబెట్టి సూటిగా చెప్పాడు. అప్పటికే మా మావయ్యతో మాట్లాడి ఉంచాడట. గుంటూరు మిరప యార్డులో ఆయన పనిచేసే కొట్లో నన్ను గుమస్తాగా పెట్టడానికి.

"కరెంటు చదువు చదివావుగా. ఈ మోటారు తిప్పు. తిప్పావా, మిషను నీది, షాపులో సగం నీది. లేదా, సోమవారం బస్సెక్కు."

నాకు ఆ యార్డు ఘాటు తలుచుకుంటేనే తుమ్ములొస్తాయి. పైగా చెక్క పనంటే నాకు ఇష్టమని అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మా వైపు మోటారు మూలిగితే ఎవడైనా ఇచ్చే సలహా ఒకటే. మోటారు లేవడానికి ఊతమిచ్చే కండెన్సరు మార్చు. తలనొప్పికి మాత్ర లాంటిది. నేనూ అదే మార్చాను. మూలిగింది. ఇంకా పెద్దది తెచ్చి వేశాను. ఇంకా గట్టిగా మూలిగింది. గురువారం మధ్యాహ్నానికి "వైండింగు కాలిపోయింది" అని తేల్చేశాను. నాన్న చొక్కా తగిలించుకుని టెలిఫోను బూత్‌కి నడిచాడు.

గంటలో పీరు టీవీయెస్ మీద దిగాడు.

"ఏం బాబాయ్, ముసల్ది అలిగిందా?"

మా నాన్న వాడికి ఏ వరసన బాబాయో నాకు తెలీదు. నాన్న మాత్రం మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు. "నువ్వే బుజ్జగించాలిరా" అన్నాడు. నాతో అలా మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

"వైండింగు కాలింది. విప్పడమే," అన్నాను.

పీరు వంగి మోటారు వాసన చూశాడు. "కాలితే కంపు కొట్టాలి కదరా. ఇది చెక్క పొట్టు వాసన కొడుతోంది." నేను వేసిన కండెన్సరు చూసి, "ఇది బోరుకి వేసేది. పాతది ఏది?" అన్నాడు. తెచ్చిస్తే దాన్నే బిగించాడు.

బెల్టు తప్పించాడు. మోటారు కప్పీకి తాడు చుట్టి, స్విచ్చి వేసి, తాడు లాగాడు. మోటారు రయ్యిమని తిరిగింది! ఆపి, తాడు ఎదురు చుట్టి లాగాడు. అటువైపూ తిరిగింది.

"వైండింగు నిక్షేపంలా ఉంది. ఇక అందరూ నోరు ముయ్యండి."

స్విచ్చి ఆపాడు. మోటారు మెల్లమెల్లగా ఆగుతుంటే వాడు చెవి దగ్గరగా పెట్టి కళ్ళు మూసుకున్నాడు. అది పూర్తిగా నిలబడ్డాక అడిగాడు.

"బాబాయ్, ఇది ఆగేముందు లోపల టక్‌మనేది. గుర్తుందా?"

"అవున్రా! ఈ మధ్య సరిగ్గా వినపడట్లేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను పుట్టినప్పటినుంచీ ఆ మిషను పక్కనే పెరిగాను. ఆ టక్‌మనే చప్పుడు నేనెప్పుడూ వినలేదు. ఏడాదికోసారి వచ్చిపోయే వాడు విన్నాడు. 

"లోపల ఒక స్విచ్చుంటుంది," వాడు నా వైపు తిరిగి చెప్పాడు, బడిపిల్లాడికి చెప్పినట్టు. "మోటారు లేవడానికి వేరే కాయిలు. వేగం అందుకోగానే ఈ స్విచ్చి దాన్ని వదిలేస్తుంది, ఆగేటప్పుడు టక్‌మని మళ్ళీ కలుపుకుంటుంది. ఇప్పుడు కలుపుకోవడం లేదు. ఎక్కడో పట్టేసింది."

"తెలుసులే," అన్నాను. పరీక్షలో రాశాను కూడా. పది మార్కుల ప్రశ్న.

వెనక మూత విప్పాడు. స్విచ్చి మొత్తం గ్రీజులో మునిగి, దాని మీద పొట్టు అట్టలు కట్టి ఉంది.

"అమ్మో, బేరింగుకి ఇంత గ్రీజు ఎవడు కుక్కాడు బాబాయ్? పొంగి స్విచ్చి మీద పడింది."

నేనే. పదిహేను రోజుల కిందట, ట్రాక్టరువాళ్ళ దగ్గర అడిగి తెచ్చి, నాన్న మెచ్చుకుంటాడని పెట్టాను. నాన్న ఇంటికెళ్ళిన పూట చూసి పెట్టాను. చెప్పడానికి అదను చూస్తుండగానే మిషను ఆగిపోయింది.

"నువ్వే పెట్టావుగా," అన్నాను పీరుతో. "పోయినేడు బేరింగు మార్చినప్పుడు."

పీరు నన్నే చూశాడు. వేలితో కాస్త గ్రీజు తీసి నాన్న ముందు పెట్టాడు.

"నేను పెట్టిందయితే ఈపాటికి నల్లబడాలి బాబాయ్. ఇది చూడు, పసుప్పచ్చగా ఉంది. నెల కూడా కాలేదు."

నాన్న ఆ వేలు చూశాడు. నన్ను చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. పీరు కిరసనాయిలుతో అంతా కడిగి, గరుకు కాగితంతో స్విచ్చి రుద్ది, మూత బిగించి బెల్టు ఎక్కించాడు. స్విచ్చి వెయ్యగానే మిషను గర్జించింది. నాన్న ఒక టేకు చెక్క తీసి వాడి చేతికిచ్చాడు.

"మొదటిది నువ్వే తోలురా పీరూ."

ఆ చెక్క నాది కావాల్సింది. మిషను అటు పక్క పొట్టు ఎగిరి పడుతుంటే నేను బయటికి వచ్చేశాను.

మర్నాడు వాడి షాపుకెళ్ళాను. క్షమాపణ చెప్పడానికి కాదు. సిగ్గు విడిచి, "నన్ను పనిలో పెట్టుకో. జీతం వద్దు. గుంటూరు పోలేను," అన్నాను.

పీరు తీగె చుడుతూనే ఉన్నాడు. "వద్దురా."

"ఎందుకని?"

"నీకు నేనంటే కుళ్ళు. బడిలోనూ అంతే. పని నేర్చుకోవడానికి రావు నువ్వు, నేనెక్కడ తప్పుతానో చూడ్డానికి వస్తావు. నీ కళ్ళు కరెంటు మీద ఉండవు, నా మీద ఉంటాయి. ఏదో ఒకరోజు చెయ్యి పోగొట్టుకుంటావు. మీ నాన్నకి నేనేం చెప్పను?"

 వాడన్నది నిజమే. ఆ నిమిషంలో కూడా వాడి చుట్లు లెక్కపెడుతున్నాను.

సోమవారం అద్దంకి బస్టాండులో సంచి పట్టుకుని నిలబడ్డాను. పీరు టీవీయెస్ వెనక బోరు మోటారు కట్టుకుని వచ్చి, నన్ను చూసి ఆగాడు. మోటారు ఒక పక్కకి ఒరిగిపోతోంది.

"రేయ్ త్రినాథ్, కాస్త పట్టు. జారుతోంది."

పట్టుకున్నాను. అంతలో గుంటూరు బస్సు వచ్చింది. కండక్టరు విజిలేశాడు. వదిలేస్తే వాడి కాలి మీద పడుతుంది. వదల్లేదు. బస్సు వెళ్ళిపోయింది. వాడు కట్టిన తాడు చూస్తే పశువుల్ని కట్టినట్టుంది. విప్పేసి, దుంగలు లారీకి కట్టేటప్పుడు నాన్న వేసే ముడి వేశాను. పీరు ఊపి చూశాడు. కదల్లేదు.

"బాగా కట్టావే!" అని వెళ్ళిపోయాడు.

ఆ పనిలో మాత్రం నేను వాడి కంటే మేలు. తర్వాత బస్సు పదకొండింటికి వచ్చింది. ఎక్కాను.