తలకిందుల బురద

మా బావకు డాక్టరేటు రాకముందే డాక్టరన్న పేరు అతుక్కుంది. చుట్టాలు వెటకారానికి అన్నదాన్ని ఆయన మర్యాదగానే పుచ్చుకున్నాడు. చేసే పనల్లా బురద చదవడం. ఎండిన చెరువులో గొట్టం దించి, అందులోకి ఎక్కిన మట్టిని పొరపొరగా పరీక్షించి, ఎప్పుడు వానలు పడ్డాయో, ఎప్పుడు కరువొచ్చిందో చెప్పాలి. పైపొర నిన్నటిది, అడుగుపొర యుగాలనాటిది. అందుకే గొట్టం బయటికి రాగానే పైకొసను చూపిస్తూ బాణం గీస్తారు. ఆ విద్యకు ఓనమాలు అవే.

బావ గీయలేదు. గొట్టాన్ని గదలా భుజానికెత్తి ఫొటోలు దిగాడు. తర్వాత తోచినవైపు గీశాడు. ఆ బాణాన్ని నమ్ముకునే ఏళ్ల తరబడి లావుపాటి సిద్ధాంత గ్రంథం రాశాడు.

తుది పరీక్షకు వారం ముందు, పెద్దలకు చూపిద్దామని గొట్టాన్ని తుడుస్తుంటే, "అతి ప్రాచీనం" అని తాను చీటీ అంటించిన కొసలో గడ్డివేళ్లు కనబడ్డాయి. అంతకుముందూ అక్కడే ఉన్నాయి. చూసేవాడుంటే కదా!

ఆ పూట అన్నం ముందు కూర్చుని కెలుకుతుంటే అక్క అడిగింది.

"ఏమైందండీ?"

"గొట్టం తిరగబడింది. చెరువు నిండుతూ వచ్చిందని రాశాను. నిజానికి ఎండుతూ వచ్చింది."

"అదే చెప్పేయండి మీ సారుకి."

"చెబితే మళ్లీ మొదటికొస్తుంది. డాక్టరు కాదు కదా, కాంపౌండరునైనా కాను."

"ఇన్నాళ్లూ నేను ఉద్యోగం చేసి సాకింది మిమ్మల్నా, ఆ బురదనా?"

ఆ మాటకు పౌరుషం వచ్చి, మర్నాడు ప్రొఫెసరుకు చెప్పాడు. ఆయన లేచి తలుపు వేశాడు.

"ఎవరు చూశారోయ్?"

"నేనొక్కణ్ణే సార్."

"నువ్వా! అయితే ఎవరూ చూడనట్టే. పీకి పారెయ్."

బావ పట్టకారు తీసుకుని ఒక్కో వేరూ పీకాడు. మొత్తం పరిశోధనలో ఆయన శ్రద్ధగా చేసిన పని అదొక్కటే. పరీక్షకు వచ్చిన పెద్దమనిషి గొట్టాన్ని తట్టి, "చక్కటి నమూనా" అన్నాడు. పట్టా వచ్చింది, వెనకే ఉద్యోగమూ వచ్చింది.

ఇప్పుడా గొట్టం వాళ్ల విభాగం వరండాలో అద్దాల బీరువాలో తలకిందులుగా నిలబడి ఉంది. బాణానికి కొత్తగా ఎర్రరంగు వేయించారు. కొత్త విద్యార్థులను దాని ముందు నిలబెట్టి బావ గద్దిస్తాడు.

"ముందు బాణం! బాణం గీయడం రానివాడు ఈ చదువుకు పనికిరాడు."

డాక్టరుగారున్నారా అని ఎవరైనా ఇంటికొస్తే అక్క మేడ మెట్లవైపు చూస్తుంది.

"పైనున్నారో కిందున్నారో, ఉండండి. అది ఆయనకే తెలియదు, నేను చూసొస్తాను."