ఫోన్ మన చేతికిచ్చే అక్క

మా చర్చి సంఘంలో వెబ్‌సైట్లు చేసే అక్క ఒకరుండేవారు. ఆమెను దేవుడే పంపాడని ఇప్పటికీ స్తుతిస్తాం. ఏం అడిగినా తన ఫోన్ మన చేతికిచ్చి, "మీరే వెతకండి" అనేవారు.

ఆటోనగర్‌లో నాన్న రేడియేటర్ షాపుకు బైబిల్లోంచి ఎబెనెజరు అని పేరు పెట్టుకున్నాం. సైట్ నిండా బైబిల్ వాక్యాలే. ఫోన్ చేసినవాళ్లంతా చర్చి అనుకుని, "ఆదివారం ఆరాధన ఎన్నింటికండీ?" అని అడిగేవారు. బేరాలు లేవు. చివరికి అక్కను సలహా అడిగాం. అక్క ఆ పేరు తీసేయమంటారేమోనని నాన్న బిగుసుకుని కూర్చున్నారు.

అక్క ఆయనకు ఫోనిచ్చారు. "అంకుల్, మీ లారీ బెంజ్ సర్కిల్లో వేడెక్కి ఆగిపోయిందనుకోండి. ఏమని వెతుకుతారు?"

"రేడియేటర్ రిపేర్, ఆటోనగర్."

"ఆ మాట మీ సైట్లో ఎక్కడుందండీ?"

ఎక్కడా లేదు.

"పేరు అలాగే ఉంచండి. పక్కన ఈ మాట చేర్చండి, చాలు."

కొన్ని వారాలకు ఫోన్ మోగింది. "రేడియేటర్ కారుతుందండీ, షాపు తీసుందా?"

నాన్న గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, "దేవునికి స్తోత్రం!" అన్నారు.

"అంటే తీసున్నట్టేనాండీ?" అన్నాడు అవతలి మనిషి.