సత్రాల బిందుమాధవి

బిందుమాధవి గారు బీరు మానేసిన ఏడాది ఇంగ్లండ్‌లో బార్లీ రైతులు ధర పడిపోయిందని రోడ్డెక్కారు. యార్క్‌లో ఒక పబ్బు యజమాని ఆవిడ కూర్చునే కుర్చీకి నల్లగుడ్డ కట్టి, ఇప్పటికీ ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు. ఇరవై మూడేళ్ళలో మూడొందల పదకొండు పబ్బులు తిరిగి, పబ్బుకి ఒక పీపా చొప్పున ఖాళీ చేశారని మా ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఏ తెలుగువాళ్ళని అడిగినా చెబుతారు. చెప్పకేం, వాళ్ళకి చెప్పింది నేనే.

నా పేరు హర్షవర్ధన్. ఇంజినీరింగ్ మూడో ఏడులో, ఇక కాలేజీ నాకు నేర్పగలిగింది ఏమీ లేదని తేల్చుకుని దానికి సెలవిచ్చాను. మిషిగన్ మొత్తం మీద రోడ్డుకి ఎడమపక్క కారు నడపగల తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఆవిడ చివరి ఆరు ప్రయాణాల్లో సారథ్యం నాది. వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య ఒక్క కంచె. చిన్నప్పటి నుంచీ ఆంటీ అనే పిలుస్తాను.

ఆంటీ ఉద్యోగం కార్ల బ్రేకులు పరీక్షించడం. పెళ్ళి చేసుకోలేదు. ఏడాదంతా కొత్త బ్రేకుల్ని అరిగిపోయేదాకా తొక్కించి, సెప్టెంబరులో రెండు వారాలు సెలవు పెట్టి ఇంగ్లండ్ వెళ్ళేవారు. నార్విచ్, షెఫీల్డ్, స్టామ్‌ఫర్డ్, లూయిస్. లండన్‌లో విమానం దిగడమే తప్ప ఊళ్ళో కాలు పెట్టేవారు కాదు. గుర్రపుబళ్ళ కాలంలో ప్రయాణికులు దిగి, గుర్రాలు మార్చుకుని, ఇంత తిని పడుకున్న పాత ఇళ్ళు ఆవిడకి కావాలి. దూలాలు నెత్తికి తగలాలి, నేల ఒకపక్కకి ఒరిగి ఉండాలి.

అలాంటి చోట్ల మంచి బీరు సీసాలో ఉండదు. నేలమాళిగలో, పీపాలో, ఇంకా పులుస్తూ బతికే ఉంటుంది. బల్ల మీది చేతిపంపు లాగితే బోరింగులో నీళ్ళొచ్చినట్టు పైకొస్తుంది. పీపా తెరిచాక దాని ఆయుష్షు మూడు నాలుగు రోజులు. ఆంటీ సగం గ్లాసు అడిగి, సంచిలోంచి పెన్నులాంటి థర్మామీటరు తీసి అందులో ముంచి, పన్నెండు డిగ్రీలకి దగ్గరగా ఉందో లేదో చూసి నోట్‌బుక్కులో రాసుకుని, ఆ తర్వాతే పెదవికి తాకించేవారు.

నార్విచ్‌లో ఒకసారి గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశారు.

"పైపులు కడిగి ఎన్నాళ్ళయింది?" అని అడిగారు ఇంగ్లీషులో.

పంపు దగ్గర నిలబడ్డ యజమాని, ఆరడుగుల మనిషి, చేతులు కట్టుకున్నాడు. "ఎందుకమ్మా?"

"వెన్న వాసనొస్తోంది. మూడు వారాలైందా?"

అతను కిందికి వెళ్ళి, మరో పీపాలోంచి పట్టుకొచ్చి, డబ్బులొద్దన్నాడు. తర్వాత ఆవిడ కాళ్ళమీద పడి భోరుమన్నాడని మా తెలుగు అసోసియేషన్ పిక్నిక్‌లో చెప్పాను. అది మాత్రం కొంచెం కలిపిందే.

ఇదంతా ఆవిడ దాచింది ఒక్క మనిషి దగ్గరే. అక్క వసంతలక్ష్మి గారు కొడుకు దగ్గర ఇర్వింగ్‌లో ఉంటారు. కార్తీక మాసంలో ఉల్లిపాయ ముట్టని మనిషి. ఏటా సెప్టెంబరులో ఎక్కడికే అని అక్క అడిగితే, "పాత సత్రాలు చూడ్డానికి" అని ఆంటీ చెప్పేవారు. అబద్ధమని ఎలా అంటాం? అవి సత్రాలే. మా చెల్లెలికి చరిత్ర పిచ్చి అని ఆవిడ ఇర్వింగ్‌లో అందరికీ గొప్పగా చెప్పుకున్నారు.

రెండేళ్ళ కిందట లూయిస్ నుంచి తిరిగొచ్చాక ఆంటీ కళ్ళు పచ్చబడ్డాయి. వంట్లోని రోగనిరోధక శక్తి పొరబాటున తన కాలేయాన్నే తినేసే జబ్బట. బీరుకీ దానికీ సంబంధం లేదని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. ఆయన చెప్పింది ఊళ్ళో ఎవరూ వినలేదు. నేను చెప్పిన పీపాల కథలే విన్నారు. ఆ రోజు నుంచీ ఆంటీ చుక్క ముట్టలేదు. పోయిన చలికాలానికి పొట్టలో నీరు చేరింది. కాలేయం మార్చడం తప్ప దారి లేదన్నారు.

మార్చాలంటే ముందు జాబితాలో పేరెక్కాలి. పేరెక్కాలంటే ఇంట్లో తోడుగా ఉండి చూసుకునే మనిషి కావాలి. వసంత ఆంటీ ఇర్వింగ్ నుంచి రెండు సూట్‌కేసులతో దిగారు. ఆసుపత్రి ఫారంలో మద్యం గురించి అడిగిన చోట అందరూ 'అప్పుడప్పుడు' అని రాస్తారు. బిందు ఆంటీ ఏం రాశారంటే: సంవత్సరానికి రెండు వారాలు, రోజుకో సగం గ్లాసు, మిగతా యాభై వారాలు సున్నా, ఆఖరుది లూయిస్‌లో, సెప్టెంబరు పందొమ్మిది, సాయంత్రం నాలుగింటికి. అంత కచ్చితంగా రాస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఇంట్లో మనిషిని కూడా విడిగా అడుగుతామన్నారు. వసంత ఆంటీకి ఇంగ్లీషు రాదు. నేను తర్జుమా చేస్తానన్నాను. తెలిసినవాళ్ళు చేయకూడదట, ఫోన్లో వాళ్ళే తెలుగు దుబాసీని పెడతారట.

ఆ ఫోను వచ్చిన మంగళవారం బిందు ఆంటీ పొట్టలో నీరు తీయించుకోవడానికి ఆసుపత్రిలో ఉన్నారు. నేను తీసుకెళ్ళాను. మేం ఇంటికొచ్చేసరికి వసంత ఆంటీ ముఖం వెలిగిపోతోంది.

"బాగా చెప్పానురా అబ్బాయ్. ఇంత బాగా చూసుకునే మనిషిని చూళ్ళేదని అనుకునుంటారు."

గురువారం మధ్యాహ్నం వంటగది బల్ల దగ్గర బిందు ఆంటీ ఫోన్లో తన ఆసుపత్రి పేజీ తెరిచి చదువుతున్నారు. తర్వాత ఫోను నా చేతికిచ్చారు. రోగి రోజుకి మూడుసార్లు మద్యం సేవిస్తోంది, అక్క స్వయంగా గ్లాసులో పోసి ఇస్తోంది, రోగి మానేస్తానన్నా అక్క ఒప్పుకోవడం లేదు అని ఉంది అందులో.

"అక్కా," అన్నారు బిందు ఆంటీ, "ఫోన్లో ఏం అడిగారు?"

"అన్నీ అడిగాడే. మర్యాదైన పిల్లాడు. మీ చెల్లెలుగారు మందు తాగుతారా అన్నాడు. తాగుతుంది బాబూ అన్నా."

"ఊఁ."

"రోజుకెన్నిసార్లన్నాడు. మూడు పూటలా అన్నా. ఒక్కరే తాగుతారా అన్నాడు. ఛఛ, నేనే గ్లాసులో పోసి, నిమ్మకాయ పిండి, దగ్గర కూర్చుని తాగిస్తా అన్నా. మానేద్దామని ఎప్పుడైనా అన్నారా అంటే, అనకేం, వెగటు పుట్టి వద్దని మారాం చేస్తుంది, నేను ఊరుకోను, ముక్కు మూసైనా పోస్తా అన్నా. తప్పా?"

ఆవిడ చెప్పింది కాలేయం వడకట్టలేని విషం మెదడుకెక్కకుండా ఇచ్చే పాకంలాంటి మందు గురించి. బిందు ఆంటీ నవ్వారు. పొట్ట పట్టుకుని నవ్వి, నొప్పొచ్చి ఆపేశారు.

"ఎందుకే నవ్వుతావ్? ఒరే హర్షా, నువ్వైనా చెప్పు."

"వాళ్ళడిగింది ఆ మందు కాదు ఆంటీ. ఇంకో మందు. బీరు, బ్రాందీ."

వసంత ఆంటీ మొహంలో ముందు కోపమే వచ్చింది. "మా బిందుని అడగాల్సిన మాటేనా అది? వాడికి నోరెలా వచ్చింది?"

నాకు మాట రాలేదు. జీవితంలో అలా జరగడం అదే మొదలు.

"అడగాల్సిన మాటే అక్కా," అన్నారు బిందు ఆంటీ. "నే చూసిన సత్రాల్లో అదే పోస్తారు. నేనూ తాగాను. ఇరవై మూడేళ్ళు."

వసంత ఆంటీ లేచి, సింకు దగ్గరికెళ్ళి, కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగారు. అటు తిరిగే అడిగారు.

"తిండి పెట్టరా మరి అక్కడ?"

"పెడతారు. బంగాళాదుంపలు."

"ముందే చెప్పుంటే వాడడిగింది నాకు అర్థమయ్యేది కదే."



సోమవారం ఆసుపత్రి కమిటీ కూర్చుని పేరు పక్కన పెట్టింది. మేం ఊరుకోలేదు. ఉత్తరాలు రాశాం. గడిచిన వారాల్లో మద్యం ముట్టారో లేదో చెప్పే రక్తపరీక్ష ఉంటుంది, అది చేయించాం. సున్నా వచ్చింది. పరీక్ష ఒక్కటే చాలదన్నారు, అక్కని మళ్ళీ మాట్లాడమన్నారు. ఈసారి కొత్త దుబాసీ. మందు అన్న మాట నోట్లోంచి రాకూడదని వసంత ఆంటీ నా ముందు రోజంతా వల్లెవేశారు. 'ఔషధం' అనడం నేర్చుకున్నారు. ఫోన్లో ఆవిడ, మా చెల్లెలు ఔషధం తాగుతుంది, అది తాగదు, అది తాగదు అని ఏడ్చేశారు. అన్నీ తేలి పేరు జాబితాలో ఎక్కేసరికి తొమ్మిది వారాలు పట్టింది.

పేరెక్కిన నాలుగో రోజున పొట్టలో నీటికి చీము పట్టింది. పది రోజులు ఐసీయూ. కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఇప్పుడు కాలేయం దొరికినా ఆపరేషన్‌కి ఒళ్ళు తట్టుకోదన్నారు. ఆ తొమ్మిది వారాల్లో పేరుండి ఉంటే దొరికేదా అని డాక్టరుని నిలదీశాను. దొరికేదేమో, దొరక్కపోయేదేమో, ఎవరూ చెప్పలేరన్నాడు. ఎవరూ చెప్పలేని ఆ మాటని వసంత ఆంటీ తనకి తానే చెప్పేసుకున్నారు. నా నోటితో నేనే దాన్ని చంపుకున్నానురా అని, కూర గిన్నె ముందు పెట్టుకుని తినకుండా అంటూనే ఉంటారు. కాదని నేను కోసిన కోతలు ఆవిడ నమ్మలేదు. ఇన్నేళ్ళూ అందరూ నమ్మినవాణ్ణి, కావలసినప్పుడు పనికిరాలేదు.

ఇప్పుడు ముందుగదిలో సోఫా తీసేసి ఆసుపత్రి మంచం వేశారు. ఇక నొప్పి తెలియకుండా చూడటమే అని నర్సు రోజూ వచ్చిపోతోంది. మొన్నటి నుంచీ గుటక పడక, తాగించేవన్నీ ఆపేశారు. బిందు ఆంటీ రోజులో ఎక్కువసేపు నిద్రలోనే ఉంటారు. మధ్యాహ్నం పూట మాత్రం ఒక గంట తెలివిగా ఉంటారు. నిన్న ఆ గంటలో, వసంత ఆంటీ తడిదూదితో ఆవిడ పెదవులు తుడుస్తూ ఉంటే, నేను ఇక్కడిదాకా రాసింది మొత్తం చదివి వినిపించాను.

బార్లీ రైతులు రోడ్డెక్కిన దగ్గర ఏమీ అనలేదు. కుర్చీకి నల్లగుడ్డ కట్టిన దగ్గరా అనలేదు. ఫోనులో మాటలు చదువుతుంటే వసంత ఆంటీ చెయ్యి ఆగింది. అప్పుడు బిందు ఆంటీ కళ్ళు తెరిచి, దుప్పటి మీద వేలు కొంచెం ఎత్తారు.

"అక్క చెప్పినదాంట్లో ఒకటే తప్పు. మూడు పూటలు కాదు, నాలుగు. పడుకోబోయే ముందు ఇంకోటి ఇచ్చేది."