గవర్నరప్ప చదవని చివరి పేజీ

నిన్న ఆదోనిలో ఒక ఆఫీసు వసారాలో కూర్చుని ఉంటే, లోపల ఎవరో కవరుకు సీలు వేయడానికి లక్క కరిగించారు. ఆ కమురు వాసనకు గవర్నరప్ప గుర్తొచ్చాడు. ఆయన గదిలోనూ ఇదే వాసన. ఉత్తరాలన్నీ తానే లక్కతో అంటించేవాడు. రాష్ట్రాలు కొత్తగా ఏర్పడిన రోజుల్లో, ఆదోనిలో వకీలుగా ఉన్న ఆయనను పిలిచి ఎక్కడో దూరపు రాష్ట్రానికి గవర్నరును చేశారు. పదవి తీరాక తిరిగొచ్చి పాత ఇంట్లోనే ఉన్నాడు. ఇప్పటివాళ్లు ఆయన గురించి మాట్లాడితే కారు, బంగళా, బంట్రోతులు! ఆ మనిషి ఏమిటో ఒక్కడికీ పట్టదు.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. బడి ముఖం చూడలేదు. ఎమ్మిగనూరులో మగ్గం పక్కన పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నాను. మా అన్న నేసి ఇచ్చిన బట్ట తూకం తగ్గిందని, నూలు దొంగిలించాడని నేతసంఘం వాళ్లు నలుగురిలో అన్నారు. నూలు ఇవ్వడం మానేశారు. అన్న వీధిలోకి రావడం మానేశాడు. సంఘం పెద్దను తీసేయాలని నేను నాలుగు పేజీల అర్జీ రాసి, గవర్నరప్ప సంతకం కోసం తీసుకుపోయాను.

ఆయన ప్రతి పేజీ తిప్పి చదివాడు. "తిట్లు బలే కుదిరినాయప్పా. మీ యన్న ఏమడుగుతాండాడు? అది యాడా లేదే?"

"ఆయనేం అడుగుతాడు సామీ, నోరు లేనోడు! గవర్నరు పని చేసినోరు, ఒక సంతకానికి సెయ్యి నొస్తుందా?"

ఆ నోటిదురుసు నాకు ఇప్పటికీ ఉంది. ఆయన కోప్పడలేదు.

"ఆడ గవర్నరుగా ఉన్నప్పుడు నా దగ్గరికి ఒక ఖైదీ అర్జీ వచ్చింది. కిందోళ్లు పైన 'క్షమాభిక్ష' అని రాసినారు. అది చూసి, కుదరదని సంతకం పెట్టినాను. నెల పోయినాక చివరి పేజీ చదివినా. వాడు విడుదల అడగనే లేదు. ముసలి తల్లి వచ్చి చూసిపోయేంత దగ్గర జైలుకు మార్చమన్నాడు, అంతే. మార్పించేలోగా ఆమె పోయింది." కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అడగనిదాన్ని కాదన్నానప్పా నేను. పో, మీ యన్నను అడిగి రా."

ఇంటికొచ్చి అడిగాను. అన్న ఖాళీ మగ్గం మీద చెయ్యి వేసుకుని, "వాళ్లను తీసేస్తే నాకేమొస్తాదిరా? నా బట్ట ఇంకో తక్కెట్లో తూయమను. నన్ను దొంగన్నారే, ఆ నలుగురి ముందరే" అన్నాడు.

అర్జీ రెండు వాక్యాలైంది. దాని మీదా గవర్నరప్ప సంతకం పెట్టలేదు. "మాట మీ యన్నది. ఆయనే పెట్టల్ల" అన్నాడు. కానీ సంఘం మళ్లీ తూస్తామన్న రోజు బస్సెక్కి ఎమ్మిగనూరు వచ్చి జనంలో నిలబడ్డాడు. సంఘం పెద్ద గాభరాగా కుర్చీ తెప్పించాడు.

"నేను చూసేకి వచ్చినాను, కూసునేకి కాదు."

తూకం సరిపోయింది. తప్పు పాత తక్కెడది. అన్న అందరిముందూ ఏడ్చేశాడు. గవర్నరప్ప అతని భుజం మీద చెయ్యి వేశాడు.

ఇప్పుడు నేనే జనానికి అర్జీలు రాసిపెడుతుంటాను. కోపం తగ్గలేదు, తగ్గాల్సిన అవసరమూ లేదు. మొన్న సి.బెళగల్ నుంచి వచ్చిన ఒకామె తరఫున ఆఫీసువాళ్లను రెండు పేజీలు ఉతికి ఆరేశాను. చదివి వినిపిస్తే ఆమె మెల్లగా, "ఇంత వద్దు పెద్దయ్యా. మా చేను కొలిసేకి ఏ పొద్దు వస్తారో ముందుగా సెప్పమను, సాలు" అంది.

ఎంత బాగా కుదిరిన తిట్లవి! చింపేశాను. కొత్త కాగితం తీసి, ఆమె చెప్పినంతే రాశాను.