ఫోను మీద తాళంచెవి

నా అనుమానాలకు మూలపురుషుడు మా నాన్న. గుంటూరు మిర్చియార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, విప్పి కొనేవాళ్లకు సరుకు చూపించేవాడు. పైన ఎర్రగా నిగనిగలాడుతుంది, అడుగుకి చెయ్యి దూర్చి లాగితేనే తాలుకాయ బయటపడుతుందని చిన్నప్పటినుంచీ నాకు నూరిపోశాడు. పెరుగు ప్యాకెట్టు మీద తేదీని కూడా నేను నమ్మను.

చిలకలూరిపేటలో ఒక పత్తి మిల్లులో లెక్కలు రాస్తాను. నాన్నే వెళ్లి ఓనరుగారిని అడిగి ఆ ఉద్యోగం పెట్టించాడు. ఈమధ్య గుంటూరులో ఒక కోల్డ్‌స్టోరేజీ వాళ్లు ఎక్కువ జీతానికి మనిషి కావాలంటే అప్లై చేశాను. ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పలేదు. ఓనరుగారికి తెలిస్తే అక్కడిది రాకముందే ఇక్కడిది ఊడుతుంది. ఇంతకుముందు ఒకాయనకు అలాగే ఊడింది. మా రేకుల షెడ్డులో సిగ్నలు రాదు, వైఫై ఏమో ఓనరుగారిది. "మన వైఫైలో ఎవరేం చూసేదీ నాకు కనపడుద్ది" అని ఆయన బావమరిది ఒకరోజు టీ తాగుతూ అన్నాడు. నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వే నాకు నచ్చలేదు.

వీపీఎన్ వేసుకున్నాను. అది ఉంటే మనం చూసేది వైఫై పెట్టినవాడికి కనిపించదట. ఫోను పైన చిన్న తాళంచెవి బొమ్మ వచ్చింది. బొమ్మదేముంది, ఎవడైనా పెడతాడు! మన ఫోను ఏ ఊళ్లో ఉన్నట్టు బయటికి కనిపిస్తోందో చెప్పే సైటు ఒకటుంది. వీపీఎన్ ఆపి చూస్తే గుంటూరు అంది, వేసి చూస్తే సింగపూరు అంది. హమ్మయ్య అనుకున్నాను. అన్నం తినొచ్చి చూస్తే మళ్లీ గుంటూరే, తాళంచెవి మాయం. ఒళ్లు మండింది. బ్యాటరీ పొదుపు పేరుతో ఫోనే దాన్ని ఆపేసిందని కనుక్కుని, ఆ సెట్టింగు మార్చాను. అప్పటినుంచి ఒక కన్ను పత్తి బేళ్ల లెక్క మీద, ఒక కన్ను తాళంచెవి మీద. సింగపూరు కనపడితే తప్ప కోల్డ్‌స్టోరేజీ వాళ్ల మెయిలు తెరిచేదాన్ని కాదు. ఇంటర్వ్యూ ఇంటి దగ్గర్నుంచే వీడియోలో అయింది. ఈ వారంలో ఫోను చేస్తామన్నారు.

మర్నాడు ఓనరుగారు పిలిచారు. "ఏమ్మా, గుంటూరు పోతున్నావంటగా?"

పక్కనే కూర్చున్న బావమరిది వంక చూశాను, తర్వాత ఫోను వంక. తాళంచెవి ఉన్నచోటే ఉంది.

"మీ నాన్న చెప్పాడులే. పొద్దున్నే వచ్చి, మా అమ్మాయి గురించి వాళ్లకో మంచి మాట చెప్పండయ్యా అన్నాడు. నేను ఫోన్ కూడా చేశా" అన్నారు ఓనరుగారు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటే ఇదే. ఇంటికొచ్చి అరిచాను. నాన్న బిత్తరపోయాడు. "అన్నం పెట్టినాయనకు చెప్పకుండా ఎట్టా పోతావమ్మా? ఆయన మాటంటే వాళ్లు కాదనరు" అన్నాడు. బతుకంతా బస్తాల అడుగున చెయ్యిపెట్టి చూసిన మనిషి! కోపం పట్టలేక ఆ పూట అన్నం ముట్టలేదు.

ఓనరుగారు వాళ్లతో ఏం చెప్పారో నాకు తెలియదు. మంచిగానే చెప్పానంటారు. సీజను మధ్యలో లెక్కల మనిషిని వదులుకోవడానికి ఆయనకేం అవసరం? నిజమో కాదో చూసుకోవడానికి దీనికి సైటు లేదు. వారం దాటిపోయింది. నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే నాన్న ఆశగా అడుగుతాడు.

"గుంటూరు నుంచి ఫోన్ వచ్చిందామ్మా?"