వాసన పోయాక అన్నయ్య కలిపిన టీ

మొన్న మా కోడలికి ఆఫీసులో ఎవరో చైనా వెళ్ళివచ్చి చిన్న టీ పొట్లం ఒకటి ఇచ్చారట. ఆ పిల్ల అల్లం దంచి, పాలు పోసి, మనందరి ఇళ్ళలో చేసినట్టే పొంగు వచ్చేదాకా మరిగించి, ఒక్క గుక్క తాగి మొహం చిట్లించుకుంది. "కాలిన కట్టె వాసన కొడతాండాది మామా, ఎక్స్‌పైర్ అయిందేమో!" అంటూ సింకులో పారబోసింది. కూర్చున్న చోటి నుంచే నేను ఆ వాసన గుర్తుపట్టాను. పైన్ కట్టెల పొగ మీద ఆరబెట్టే లాప్సాంగ్ టీ అది. పాడైపోలేదమ్మా అని చెప్పేలోగానే నా మనసు యలహంకలో మా అన్నయ్య ఇంటి వరండాలోకి వెళ్ళిపోయింది.

అన్నయ్యది ఒక టీ కంపెనీలో రుచి చూసే ఉద్యోగం. నాది పత్రికలో సబ్ ఎడిటర్ పని, ఆదివారం పొద్దున తీరిక. కంపెనీకి నమూనాలుగా వచ్చే చైనా నల్ల టీలలో మిగిలినవి తెచ్చి, ఆ పూట మాకు కలిపి ఇవ్వడమంటే అతనికి పండుగ. పింగాణీ కెటిల్‌ను ముందు వేడినీళ్ళతో కడిగి, ఆకు వేసి, మరిగి కాస్త సద్దుమణిగిన నీళ్ళు పోసి మూతపెట్టేవాడు. రంగు రాగిచెంబులా తిరగగానే చివరి బొట్టుదాకా కప్పుల్లోకి వంపేసేవాడు, ఆకు నీళ్ళలో ఉండిపోతే చేదెక్కుతుందని. పాలు అడిగినవాళ్ళతో ఆ రోజుకిక మాటలుండవు. జుర్రుమని చప్పుడు చేస్తూ పీలిస్తేనే వాసన ముక్కుకెక్కుతుందని అతను చెబితే, "ఎనుము కుడితి తాగినట్లుండాది" అని వదిన వెక్కిరించేది.

ఒక విషజ్వరం తర్వాత అతనికి వాసన తెలియకుండా పోయింది. దానితో ఉద్యోగమూ పోయింది. ఇంట్లో పోపు మాడినా తెలియని స్థితిలో కూడా ఆదివారం టీ మాత్రం మానలేదు. తాను కలిపి, నా మొహంలోకి చూస్తూ వాసన చెప్పమనేవాడు. బాగుందని నేనంటే ఊరుకునేవాడు కాదు.

"బాగుండాదంటే ఎట్లప్పా? వాన పడితే మీ పేపర్లో వాన బాగుండాదని రాస్తారా?"

అప్పటి నుంచి మాటలు వెతుక్కుని చెప్పేవాణ్ణి. యునాన్ టీలో తేనె, కాల్చిన చిలగడదుంప, కీమున్‌లో ఎండిన గులాబీ రేకులు. అతను కళ్ళు మూసుకుని వినేవాడు. ఇదొక్కటీ లేకపోతే ఈయన మంచం దిగరని వదిన ఒకసారి వంటింట్లో నాతో గుట్టుగా అంది.

కంపెనీతో సంబంధం తెగాక చైనా ఆకు రావడం ఆగిపోయింది. అన్నిటికన్నా అతనికిష్టమైన కీమున్ డబ్బా అడుగంటింది. వదిన అతనికి తెలియకుండా బజారు నుంచి నీలగిరి టీ ఆకు తెచ్చి అందులో పోసి, నాకు మాత్రం చెప్పి, నువ్వు కీమున్ అనే అనాలని బతిమాలింది. ఆ ఆదివారం అన్నయ్య మూత తీసి ఆకును అరచేతిలో పోసుకున్నాడు. కీమున్ ఆకు సన్నగా, మెలితిరిగి, నల్లగా ఉంటుంది. ఇది పొట్టిగా, గోధుమరంగులో ఉంది. పోయింది అతని ముక్కే గాని కళ్ళూ వేళ్ళూ కావు. చాలాసేపు చూశాడు. గుమ్మంలో వదిన కొంగు నలుపుకుంటూ నిలబడింది. అతను ఎప్పటి శ్రద్ధతోనే టీ కలిపి, ఒక గుక్క పీల్చి, నేను నోరు తెరవకముందే, "కీమునే. గులాబీ బాగా తెలస్తాండాది గదప్పా?" అన్నాడు, నన్ను కాక వదినను చూస్తూ.

అవునన్నాను. వదిన మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. అతను ఉన్నన్నాళ్ళూ మేము ముగ్గురం ఆ టీని కీమున్ అనే పిలిచాం.

అన్నయ్య పోయాక వదిన టీ మానేసింది. ఇప్పుడు ఏ దేశపు ఆకైనా ఫోన్‌లో నొక్కితే గుమ్మం ముందుకు వస్తోంది. తేనె, గులాబీ అని డబ్బా మీదే అచ్చువేస్తున్నారు, ఒకరి మొహం చూసి ఒకరు అడగవలసిన పని లేదు. నేనూ ఈమధ్య అసలైన కీమున్ తెప్పించుకుని, పద్ధతిగా కలుపుకున్నాను. గులాబీ వాసన వచ్చింది, కాదనను. ఆ నీలగిరి టీలో అన్నయ్య ఉందన్న గులాబీ మాత్రం ఇది కాదు.