అనసూయక్క వదలని ఫైలు

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లిపోయే రకం నేను. మా నాన్న ప్రభుత్వ ఉద్యోగం మీద గుంటూరు నుంచి మలక్‌పేట వచ్చి స్థిరపడ్డారు. పిల్లలకు దిష్టి తీసినా ఆయన విసుక్కునేవారు. ఆ గుణం నాకూ వచ్చింది. పైగా నాది కంప్యూటర్ నెట్‌వర్క్‌లు బాగుచేసే పని. ఏది పాడైనా దానికో కారణం ఉంటుంది, ఓపికగా వెతికితే దొరుకుతుంది. ఇన్నేళ్లలో దొరకనిది ఇదొక్కటే.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. పత్తర్‌గట్టి వెనక సందులో ఉన్న ఒక స్కానింగ్ సెంటర్ కంప్యూటర్లు నేనే చూసేవాణ్ని. అక్కడి డాక్టర్‌గారు ఫిల్మ్ చూస్తూ నోటితో చెప్పింది రికార్డయ్యేది. అది విని రిపోర్టు టైపు చేసేది అనసూయక్క.

ఆమెది ధూల్‌పేట్. పాల వ్యాపారం చేసే కుటుంబం. పెళ్లి చేసుకోలేదు, తమ్ముడి ఇంట్లోనే ఉండేది. గుండె జబ్బు వచ్చి సెంటర్ మెట్లు ఎక్కలేకపోయేసరికి, ఇంటి నుంచే పనిచేసుకునేలా ఆమె కంప్యూటర్‌లో వీపీఎన్ పెట్టాను. దాంతో ఇంట్లో కూర్చునే ఇంటర్నెట్ మీద సెంటర్ సర్వర్‌లోకి వెళ్లి, అక్కడి ఫైళ్లు తెరిచి రాయొచ్చు.

రికార్డింగ్‌లో ఒక మాట సరిగ్గా వినపడకపోయినా ఆమె ఊరుకునేది కాదు. "డాక్టర్ సాబ్, గా మాట మల్లొకపారి చెప్పుండ్రి" అంటూ ఫోన్ చేసేది. ఆయన కసురుకున్నా సరే, మళ్లీ చేసేది.

ఒకరోజు పొద్దున సెంటర్ మేనేజర్ యూసుఫ్ భాయ్ నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, జల్దీ రా. ఒక్క ఫైల్ తెరుసుకుంట లేదు. పేషెంట్ కొడుకు మస్తు లొల్లి పెడుతుండు."

వెళ్లేసరికి కౌంటర్ దగ్గర ఒకతను నిలబడి ఉన్నాడు. వాళ్లమ్మకు ఆ మధ్యాహ్నం వేరే ఆస్పత్రిలో ఆపరేషన్. పాడైన కిడ్నీ తీసేస్తారు. రిపోర్టు లేనిదే మొదలుపెట్టేది లేదన్నారట.

మిగతా రిపోర్టులన్నీ తెరుచుకుంటున్నాయి. వాళ్లమ్మది మాత్రం నొక్కితే, ఈ ఫైలును అనసూయ వాడుతున్నారు అని వస్తోంది. కాపీ చేయనివ్వదు, ప్రింటుకు పోనివ్వదు.

ఇది మామూలుగా వచ్చేదే. మధ్యలో లైన్ తెగితే, అవతలి మనిషి ఇంకా ఉన్నట్టే సర్వర్ అనుకుంటుంది. సర్వర్‌లోకి వెళ్లి అనసూయక్క కనెక్షన్ తీసేశాను. కాసేపటికి పేరు మళ్లీ వచ్చింది. ఆమె అకౌంట్ ఆపేశాను. అయినా ఉంది. ఇంటర్నెట్ కేబుల్ పీకేసి, సర్వర్ ఆపి మళ్లీ వేశాను. బయటి నుంచి ఎవరూ రావడానికి దారి లేదు. అయినా ఆ ఫైలు మీద ఆమె పేరే ఉంది.

ఆమెనే మూసేయమందామని ఇంటికి ఫోన్ చేశాను. తమ్ముడు ఎత్తాడు.

"అక్క లేదన్నా. తెల్లారంగ పోయింది. ఇప్పుడే అందరికీ చెప్తున్నం."

అడగకూడదనిపించింది కానీ, కంప్యూటర్ ఆన్‌లో ఉందా అని అడిగాను.

"నిన్న రాత్రి సంది గల్లీల కరెంటే లేదన్నా."

ఫోన్ పెట్టేసి చెప్పాను. యూసుఫ్ భాయ్ "ఇన్నా లిల్లాహి" అంటూ కుర్చీలో కూలబడ్డాడు.

గొడవ విని డాక్టర్‌గారు లోపలి నుంచి వచ్చారు. "ఆ ఫైలు వదిలేయండి. నేను మళ్లీ చెప్తాను, ఇక్కడే టైపు చేయండి" అని ఫిల్మ్ తీసి లైటు పెట్టెకు తగిలించారు. చెప్పబోయి ఆగారు. ఫిల్మ్ మూలన కుడి ఎడమలు తెలిపే గుర్తు దగ్గరికి కళ్లు తీసుకెళ్లారు.

"నేను నిన్న ఎడమ కిడ్నీ అని చెప్పానా?"

యూసుఫ్ భాయ్ రికార్డింగ్ పెట్టాడు. ఆయన గొంతే. ఎడమ అనే ఉంది, స్పష్టంగా. ఫిల్మ్‌లో పాడైంది కుడిది.

ఆయన ముఖం చూడలేకపోయాను. కొత్త రిపోర్టు తానే పక్కన నిలబడి టైపు చేయించారు. ఆపరేషన్ చేసే డాక్టర్‌కు తానే ఫోన్ చేశారు. కొడుకు కాగితం తీసుకుని పరుగున వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఊరికే పాత ఫైలు మీద నొక్కాను. తెరుచుకుంది. అందులో కొత్తగా ఏమీ లేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు, ఎడమ అనే ఉంది. చివరిసారి సేవ్ చేసింది ముందురోజు సాయంత్రం.

సర్వర్‌లో ఏదో లోపం అనుకున్నాను. అలా అనుకుంటూనే ఆ సాయంత్రం ధూల్‌పేట్ వెళ్లాను. అప్పటికే దహనం అయిపోయింది. గదిలో కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంది, ప్లగ్గు తీసేసి ఉంది. తమ్ముడు గడప మీద కూర్చుని ఉన్నాడు. నేను అడక్కుండానే చెప్పాడు.

"రాత్రంత కుడి, కుడి అనుకుంటనే ఉండెనన్నా. కుడి చెయ్యి గుంజుతుందేమో అని ఒత్తుకుంట కూసున్న. అది కాదన్నట్టు చెయ్యి ఎనక్కి గుంజుకునేది."

అతని పక్కనే కూర్చుండిపోయాను. పొద్దున జరిగింది మొత్తం చెప్పాను. ఏడుస్తూ విన్నాడు.

ఆ రికార్డింగ్ తర్వాత ఎన్నోసార్లు విన్నాను. సర్వర్ సంగతి ఏదో ఒకటి చెప్పి నన్ను నేను సమాధానపరచుకోగలను. ఆ రాత్రి ఆమె అన్న మాట సంగతే నాకు అంతుపట్టదు. ఫిల్మ్ ఆమె ఏనాడూ చూడలేదు. ఆ పేషెంట్ ఎవరో ఆమెకు తెలియదు. ఆమె విన్నది డాక్టర్‌గారి గొంతు ఒక్కటే. ఆ గొంతు ఎడమ అనే చెప్పింది.